వలస, పరిచయాలు, కొలువు

ఊరు విడిచి పరాయిచోట పని వెతుక్కునేవారికి ఆ పని ఎంత త్వరగా దొరుకుతుంది, ఎంత జీతానికి దొరుకుతుంది, అక్కడినుంచి ఎంత పైకి పోగలరు అన్నది వాళ్ళ చదువు, పనితనాలతోపాటు వాళ్ళకు తెలిసిన మనుషుల మీద కూడా ఆధారపడుతుంది. బంధువులు, ఊరివాళ్ళు, కులస్థులు, కాలేజీ సీనియర్లు, పాత కంపెనీలో కలిసి పనిచేసినవాళ్ళు, వీళ్ళందరితో ఉండే పరిచయాల అల్లికను సమాజశాస్త్రంలో సామాజిక నెట్‌వర్క్ అంటారు. కొత్తచోట అడుగుపెట్టిన మనిషికి మూడు లోట్లుంటాయి. ఖాళీలు ఎక్కడున్నాయో తెలియదు. తన పనితనం అక్కడివారికి తెలియదు; సొంతచోట చెల్లిన డిగ్రీ, ఇంటిపేరు, మాటకున్న విలువ ఇక్కడ చెల్లవు. మొదటి జీతం చేతికొచ్చేదాకా తిండికీ అద్దెకీ ఆధారం లేదు. తెలిసినవాళ్ళుంటే ఈ మూడూ ఒక్కచోటే తీరతాయి. కబురు చెప్పేది వాళ్ళే, యజమాని దగ్గర పూచీ పడేది వాళ్ళే, గదిలో చోటిచ్చేదీ వాళ్ళే.

ఆ సాయానికి వెల కట్టి అమ్ముకునే మనిషి మధ్యలో చేరినప్పుడు కథ మారుతుంది. రంగూను రేవులో మేస్త్రీ, గల్ఫ్ దారిలో ఏజెంటు, అమెరికా దారిలో కన్సల్టెన్సీ: తెలుగువారి వలస చరిత్రలో ఈ మనిషి ప్రతి తరంలోనూ కనిపిస్తాడు.

సీతాఫల్‌మండి, తార్నాక

1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం చుట్టూ ఉన్న పేటల్లో పరిచయానికీ కొలువుకూ ఉన్న సంబంధాన్ని దగ్గరగా చూడవచ్చు. లాలాగూడ, మెట్టుగూడల్లో నిజాం కాలం నుంచీ రైల్వే వర్క్‌షాపు, రైల్వే క్వార్టర్లు ఉన్నాయి. తార్నాక, హబ్సిగూడల్లో జాతీయ పోషకాహార సంస్థ, ఐఐసీటీ, సీసీఎంబీ, ఎన్‌జీఆర్‌ఐ వంటి పరిశోధనాలయాలున్నాయి. విశ్వవిద్యాలయాన్ని ఆనుకుని మాణికేశ్వరినగర్ ఉంది. చుట్టుపక్కలవారు వడ్డెర బస్తీ అంటారు. ఈ పేటల్లోని మనుషులకు పని దొరికే తీరు ఒకటి కాదు. పరిశోధనాలయంలో శాస్త్రవేత్త ఉద్యోగానికి ప్రకటన, దరఖాస్తు, ఇంటర్వ్యూ ఉంటాయి. భవన నిర్మాణంలో కూలికి పొద్దున్నే అడ్డా మీద నిలబడాలి, లేదా మేస్త్రీ ఫోన్ చేయాలి. రాతపని, కాగితం తగ్గేకొద్దీ పరిచయం విలువ పెరుగుతుందనడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ అక్కర్లేదు.

జిల్లాల నుంచి ఉస్మానియాకు వచ్చే విద్యార్థికి మొదటి ఆధారం సీనియర్ అన్న గది. హాస్టల్ సీటు లేకపోయినా తెలిసినవాళ్ళ గదిలో సర్దుకుని ఉండేవాళ్ళను క్యాంపస్‌లో నాన్‌బోర్డర్లు అంటారు. ఏ కోచింగ్ మంచిది, ఏ పరీక్షకు ఏ పుస్తకం చదవాలి, సీతాఫల్‌మండిలో ఎవరి గదిలో ఒక మంచం ఖాళీ అయింది, ఇవన్నీ అక్కడే తెలుస్తాయి. గదిలో ఉన్న నలుగురూ గ్రూప్స్‌కు చదువుతుంటే ఐదోవాడూ గ్రూప్స్‌కే చదువుతాడు; నోటిఫికేషన్ కోసం ఏళ్ళ తరబడి కలిసే ఎదురుచూస్తారు. గదిలో ఒకడు సాఫ్ట్‌వేర్ వైపు పోతే మిగతావాళ్ళకూ అమీర్‌పేట సాఫ్ట్‌వేర్ కోచింగ్ సెంటర్ల దారి తెలుస్తుంది. 2017 నవంబరులో నాగోలు నుంచి అమీర్‌పేటకు మెట్రో మొదలయ్యాక తార్నాకలో ఎక్కినవాళ్ళు నేరుగా ఆ కోచింగ్ సెంటర్ల ముందు దిగుతున్నారు. ఊరి నుంచి సీతాఫల్‌మండికి, సీతాఫల్‌మండి నుంచి డాలస్‌కో న్యూజెర్సీకో అన్నది చాలామందికి ఒకే ప్రయాణంలో రెండు మజిలీలు. రెండుచోట్లా ముందు దొరకాల్సింది మంచం, తరువాత కబురు, ఆ తరువాతే కొలువు.

ఉస్మానియాలో చదివే ఆఫ్రికా, పశ్చిమాసియా దేశాల విద్యార్థులకు కూడా అద్దెగది ముందు వచ్చినవారి ద్వారానే దొరుకుతుంది. చదువు వీసా మీద వచ్చినవారికి ఇక్కడ ఉద్యోగం చేసే వీలు లేదు కనక వాళ్ళ పరిచయాల సాయం గది దగ్గరే ఆగిపోతుంది. చట్టం ఒప్పుకోని చోట ఎంత పెద్ద నెట్‌వర్క్ ఉన్నా కొలువు ఇప్పించలేదు.

పరిశోధకులు తేల్చినవి

అమెరికా సమాజశాస్త్రవేత్త మార్క్ గ్రానోవెటర్ బోస్టన్ శివారు న్యూటన్‌లో ఉద్యోగం మారిన 282 మందిని అడిగి, సగానికి పైగా కొత్త ఉద్యోగం తెలిసినవారి ద్వారా సంపాదించారని కనుగొన్నాడు. ఆశ్చర్యం కలిగించింది రెండో విషయం. ఆ తెలిసినవారిలో తరచుగా కలిసే ఆప్తులు నూటికి 17 మందే. మిగతావారంతా అప్పుడప్పుడో అరుదుగానో కలిసేవాళ్ళు. ఆప్తులకు మనకు తెలిసిందే తెలుస్తుంది, ఎడపరిచయాలు వేరే లోకపు కబురు తెస్తాయి అన్నది 1973లో ఆయన వ్యాసం చెప్పిన మాట. అయితే న్యూటన్‌లో ఆయన అడిగినవారంతా ఉద్యోగం, ఇల్లు, భాష ఉన్న మగ ఉద్యోగులు. పరాయిదేశంలో విమానం దిగినవారి పరిస్థితి అది కాదు. అప్పు ఇచ్చి, అన్నం పెట్టి, పూచీ పడటం ఎడపరిచయస్తుడు చేయగల పని కాదు. అందుకే వలసదారుకు మొదటి కొలువు దగ్గరివాళ్ళ ద్వారా దొరుకుతుంది; రెండోది, మూడోది మెరుగైనది కావాలంటే ఆ గుంపు దాటి పరిచయాలు కావాలి. తొలి మెట్టు మీదే జీవితమంతా ఉండిపోయినవారిని చూస్తే ఈ రెండో దశ ఎంత కష్టమో తెలుస్తుంది.

పరిచయాల వల్లే కొలువు దొరికిందని రుజువు చేయడం తేలిక కాదు. పనులు బాగా దొరికే ఊరికే మనవాళ్ళు ఎక్కువగా పోతారు. అప్పుడు కొలువు ఇప్పించింది మనవాళ్ళా, ఆ ఊరా? ఈ చిక్కును ఆర్థికశాస్త్రవేత్త కైవన్ మున్షీ 2003లో వానతో విడదీశాడు. మెక్సికో పల్లెల్లో వాన తగ్గిన ఏడాది ఎక్కువమంది అమెరికా పోతారు. అక్కడి వానకూ అమెరికా పట్నాల్లో ఉద్యోగాలకూ సంబంధం లేదు. అయినా ఏ ఊరివాళ్ళు కొన్నేళ్ళ కిందట కరువు వల్ల ఎక్కువగా పోయారో, ఆ ఊరి నుంచి వచ్చినవారికి పని దొరికే అవకాశం, వ్యవసాయం దాటి మెరుగైన కూలి దొరికే అవకాశం పెరిగాయి. ఆడవాళ్ళకు, వయసు మళ్ళినవారికి, చదువు తక్కువున్నవారికి ఆ మేలు ఇంకా ఎక్కువ. కరువొచ్చినప్పుడల్లా పాలమూరు నుంచి మేస్త్రీల వెంట ప్రాజెక్టుల పనులకు ఊళ్ళకు ఊళ్ళే కదిలిన చరిత్ర తెలిసిన తెలుగు పాఠకులకు ఈ తర్కం కొత్తగా అనిపించదు.

ఆ అధ్యయనంలో మనకు పనికొచ్చే ఇంకో మెలిక ఉంది. సాయపడింది పాతవాళ్ళు, నిన్న దిగినవాళ్ళు కాదు. అమెరికాలో పునరావాసం పొందిన శరణార్థుల మీద లోరీ బీమన్ 2012లో ప్రచురించిన పరిశోధన దీన్ని మరింత తేటగా చూపింది. తమ దేశంవారు కొన్నేళ్ళుగా స్థిరపడి ఉన్న పట్నానికి చేరినవారికి ఉద్యోగం దొరికే అవకాశం, గంటకు వచ్చే కూలి పెరిగాయి. తమతోపాటు, తమకు కాస్త ముందు చాలామంది దిగిన పట్నంలో అవి తగ్గాయి. ఒకే కబురు కోసం పదిమంది పోటీ పడటమే కారణం. మనవాళ్ళు ఎంతమంది ఉన్నారన్న లెక్క కంటే ఎంతకాలంగా ఉన్నారు, ఏ పనుల్లో ఉన్నారు అన్నవే ముఖ్యమని దీనివల్ల తేలుతుంది.

స్వీడన్ 1980ల నడుమ నుంచి శరణార్థులను ఊరూరా చెదరగొట్టి స్థిరపరిచింది. ఒకేచోట గుమిగూడితే ఆ దేశంలో కలవరన్న భయం దానికి కారణం. ఆ విధానాన్ని పరిశీలించిన ఎడిన్, ఫ్రెడ్రిక్‌సన్, ఆస్లుండ్‌లు 2003లో చెప్పింది వేరు: చదువు తక్కువున్నవారు తమవారు ఎక్కువగా ఉన్నచోట ఉంటే సంపాదన 13 శాతం దాకా పెరుగుతోంది. మంచి ఉద్దేశంతో చేసిన విధానం కూడా అసలు ఆసరాను తెంచేయగలదు.

రంగం దారి

పందొమ్మిదో శతాబ్దం చివరి నుంచి ఇరవయ్యో శతాబ్దం నడిమి దాకా శ్రీకాకుళం, విశాఖపట్నం, గోదావరి ప్రాంతాల పల్లెలు బర్మాకు మనుషులను పంపాయి. కళింగపట్నం, భీమునిపట్నం, విశాఖపట్నం, కాకినాడ రేవుల్లో ఓడెక్కి రంగం, అంటే రంగూను, చేరేవారు. కోరంగి రేవు పేరు మీద బర్మాలో తెలుగువారిని కోరంగీలు అనేవారు. 1931 జనాభా లెక్కల నాటికి రంగూను నగరంలో సగానికి పైగా భారతీయులే. బర్మా మొత్తంలో తెలుగువారు లక్షన్నరకు మించి ఉన్నారు. బియ్యం మిల్లుల్లో, రేవులో సరుకు ఎగుమతి దిగుమతుల్లో, రిక్షా లాగడంలో తెలుగు కూలీలదే పెద్ద వాటా. ఈ వలసను లోతుగా తవ్వి రాసినవారిలో ముఖ్యులు ఉస్మానియా చరిత్ర శాఖలో పనిచేసిన ఆచార్య అడపా సత్యనారాయణ.

ఆ వలసకు వెన్నెముక మేస్త్రీ. అతను సాధారణంగా ఆ ఊరివాడో పక్క ఊరివాడో. ముందే కొంత సొమ్ము అడ్వాన్సుగా ఇచ్చి, ఓడ టికెట్ కొని, రంగూనులో బస చూపి, ముఠాలో చేర్చేవాడు. పైన కాంట్రాక్టరు, కింద పెద్ద మేస్త్రీ, ఆ కింద ముఠా మేస్త్రీ. కూలి మీద ప్రతి మెట్టులోనూ కోత. యజమాని ఇచ్చేది మేస్త్రీ చేతికి. కూలీకి అందేది మేస్త్రీ లెక్క ప్రకారం. అప్పు తీరేదాకా ముఠా మారడానికి లేదు. సిలోన్, మలయాల్లో కంగాణీ కూడా ఇలాంటివాడే, మనిషికింత అని కమిషన్ తీసుకుని సొంత ఊరి నుంచి కూలీలను తెచ్చేవాడు. ఈ పద్ధతిని ఒక్క మాటలో దోపిడీ అని తేల్చేయడం సగం నిజమే. అక్షరం రాని, చేతిలో చిల్లిగవ్వ లేని మనిషి సముద్రం దాటగలిగింది మేస్త్రీ వల్లే. కానీ కూలీ పరిచయాలన్నీ ఒక్క మేస్త్రీ గుండానే పోయేవి. ఇంకో కబురు రాదు, ఇంకో యజమాని తెలియడు. అదే అతన్ని దాటనివ్వలేదు.

ఒకే రకం పనిలో ఒకే ఊళ్ళవాళ్ళు గుమిగూడటానికి ఇంకో వెల ఉంది. 1930 మేలో కూలి పెంచమని తెలుగు రేవు కూలీలు సమ్మె కట్టారు. వాళ్ళ స్థానంలో బర్మీయులను పెట్టుకున్నారు. సమ్మె పరిష్కారమై తెలుగువాళ్ళు తిరిగి పనిలోకి రాగానే బర్మీయులను తీసేశారు. దాని మీద చెలరేగిన అల్లర్లలో వందమందికి పైగా చనిపోయారు. వారిలో అత్యధికులు భారతీయులు. రేవు పని మొత్తం ఒక భాషవారి చేతుల్లో ఉండటం లోపలివారికి బలమైంది, బయటివారికి మూసిన తలుపైంది. 1942లో జపాన్ దాడితో లక్షలమంది భారతీయులు కొండలూ అడవులూ దాటి నడుచుకుంటూ తిరిగొచ్చినప్పుడు ఆ అల్లిక దాదాపు తెగిపోయింది.

గల్ఫ్

1970ల్లో చమురు ధరలు పెరిగాక కరీంనగర్, నిజామాబాద్, ఆదిలాబాద్ జిల్లాల నుంచి మగవాళ్ళు భవన నిర్మాణం, సఫాయి పనులకూ, కడప జిల్లా నుంచి, గోదావరి జిల్లాల నుంచి ఆడవాళ్ళు కువైట్‌లో ఇంటిపనులకూ పోవడం మొదలైంది. జగిత్యాల, సిరిసిల్ల చుట్టుపక్కల పల్లెల్లో దుబాయి పోవుడు రెండు తరాలుగా మామూలు మాట. ఇక్కడ పరిచయం చేతిలో ఉన్నది వీసా. అన్నో బావమరిదో పంపితే అది కంపెనీ వీసా, ముందే పని ఖాయం. ఏజెంటు దగ్గర కొన్నది ఆజాద్ వీసా అయితే కాగితం మీద ఒక కఫీల్, అంటే పూచీదారు యజమాని, పేరుంటుంది, పని మాత్రం తానే వెతుక్కోవాలి. అక్కడ తెలిసినవాళ్ళు లేకపోతే ఆ మనిషి త్వరలోనే ఖల్లివల్లి, అంటే కాగితాలు చెల్లని కూలీ అవుతాడు. అప్పటినుంచి అతనికి తలదాచుకునే చోటు చూపేదీ, చాటుగా పని చూపేదీ మళ్ళీ ఊరివాళ్ళే.

ఆ ఊరివాళ్ళు ఏ పనుల్లో ఉన్నారన్నదే అసలు లెక్క. అన్న కాంక్రీటు పనిలో ఉంటే తమ్ముడికి తెలిసేది కాంక్రీటు పనే. కేరళ నుంచి పోయినవారిలో నర్సులు, గుమాస్తాలు, దుకాణదారులు కూడా ఉండటంతో వెనక వచ్చినవారికి ఆ దారులూ తెలిశాయి. తెలంగాణ పల్లెలకు గల్ఫ్ కబురు ఎక్కువగా లేబర్ క్యాంపుల నుంచే అందింది. కువైట్‌లో ఇంటిపనికి పోయిన స్త్రీల స్థితి ఇంకా కష్టం. యజమాని ఇంట్లోనే పని, అక్కడే బస; సాటి తెలుగువారిని కలిసే వీలు చాలా తక్కువ. పోయే దారి పరిచయాల వల్లే దొరికినా, పోయాక ఆ పరిచయాలు అందవు.

అమెరికా

అమెరికా 1965లో వలస చట్టం మార్చాక ముందుగా వెళ్ళినవారు వైద్యులు, ఇంజనీర్లు. గుంటూరు, విశాఖపట్నం, హైదరాబాద్ వైద్య కళాశాలల పూర్వవిద్యార్థుల బృందాలే తొలి తెలుగు నెట్‌వర్కులు. 1977లో ఉత్తర అమెరికా తెలుగు సంఘం (తానా) ఏర్పడింది, తరువాత ఆటా తదితర సంఘాలు వచ్చాయి. 1990 చట్టంతో హెచ్-1బి వీసా, దశాబ్దం చివర 2000 సంవత్సరపు కంప్యూటర్ తేదీల సమస్య కలిసొచ్చి సాఫ్ట్‌వేర్ వలస పొంగింది. ఏడాదికి 65,000 ఉన్న పరిమితిని కొన్నేళ్ళపాటు 1,95,000 దాకా పెంచారు.

ఆ రోజుల్లోనే చైనా మానవశాస్త్రవేత్త సియాంగ్ బియావో హైదరాబాద్‌లోనూ సిడ్నీలోనూ తిరిగి, ప్రధానంగా తెలుగువారు నడిపిన బాడీషాపింగ్ మీద పరిశోధన చేసి 2007లో పుస్తకం వేశాడు. చిన్న కన్సల్టెన్సీ వీసా తెస్తుంది, గెస్ట్ హౌస్‌లో పెడుతుంది, ప్రాజెక్టు దొరికేదాకా బెంచ్ మీద కూర్చోబెడుతుంది, దొరికాక బిల్లింగ్‌లో వాటా తీసుకుంటుంది. వీటికి పెట్టుబడి ఎక్కడినుంచి వచ్చిందో వెతుకుతూ ఆయన కోస్తా వ్యవసాయ మిగులు దాకా, కట్నాల దాకా వెళ్ళాడు. రంగం మేస్త్రీని చదివినవారికి ఈ నిర్మాణం వెంటనే గుర్తుపట్టేలా ఉంటుంది: అడ్వాన్సు, బస, ముఠా, కోత, దాటిపోకుండా బాండు. తేడా ఒక్కటే, కానీ పెద్దది. సాఫ్ట్‌వేర్ మనిషి రెండేళ్ళలో ఇతర కంపెనీలవారితో కలిసి పనిచేసి, ఎడపరిచయాలు కూడబెట్టుకుని, పెద్ద కంపెనీలోకి మారిపోగలిగాడు. రేవు కూలీకి ఆ దారి లేదు.

అదే అల్లిక తప్పుడు కబురునూ అంతే వేగంగా మోస్తుంది. వీసా మోసం ఆరోపణలతో కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ విశ్వవిద్యాలయం మీద 2011 జనవరిలో అమెరికా అధికారులు దాడులు చేసినప్పుడు అందులోని విద్యార్థుల్లో అత్యధికులు తెలుగువారు. కొత్తవారిని చేర్పించిన విద్యార్థికి ఫీజులో వాటా ఇవ్వడం ఆ సంస్థ పద్ధతి. మిత్రుడు చెప్పాడన్న నమ్మకాన్నే అది కమిషన్‌గా మార్చింది. 2019 జనవరిలో మిషిగన్‌లో, అమెరికా అధికారులే వల పన్నడానికి పెట్టిన ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయం వ్యవహారంలో విద్యార్థులను చేర్పించిన 8 మంది అరెస్టయ్యారు. సలహా ఇచ్చేవాడికి ఆ సలహా వల్ల డబ్బొస్తుందా లేదా అన్నది వలసదారు తెలుసుకోవాల్సిన మొదటి విషయం; ఆ వయసు పిల్లలకు అది అడగాలని ఎవరూ చెప్పలేదు.

2023–24లో అమెరికాలో 3,31,602 మంది భారతీయ విద్యార్థులున్నారు. ఏ ఇతర దేశం నుంచీ అంతమంది లేరు. అంతమంది ఒక్కసారిగా దిగి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు తగ్గిన కాలంలో ఒకే రకం రెఫరల్ కోసం ఒకే రకం సీనియర్లను అడిగితే ఏమవుతుందో బీమన్ పరిశోధన ముందే చెప్పింది.

ఎవరికి అందదు

నెట్‌వర్క్ ఉన్నవారికి మేలు చేస్తుందంటే లేనివారికి తలుపు మూస్తుందనే అర్థం. మన దగ్గర ఆ గీతను గీసేది ఎక్కువగా కులం. ముంబయి దాదర్ మీద మున్షీ, రోజెన్‌జ్‌వైగ్‌లు 2006లో చేసిన పరిశోధనలో, మిల్లు పనుల్లో కులం పరిచయాలు బలంగా ఉన్న కుటుంబాలు కొడుకులను మరాఠీ మీడియంలోనే ఉంచాయి. మిల్లులో పని ఖాయం కనక. ఆ పరిచయాల్లో వాటా లేని కూతుళ్ళు ఇంగ్లీషు మీడియంలో చేరి కొత్త ఉద్యోగాలవైపు కదిలారు. బలమైన బంధాలు మనిషిని పాత పనికే కట్టేయగలవు.

తెలుగు రాష్ట్రాల్లో విదేశీ చదువు తొలి తరం నుంచీ భూమి, డబ్బు ఉన్న కులాలది. దళిత, గిరిజన విద్యార్థులకు అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి కింద తెలంగాణ ప్రభుత్వం 20 లక్షల దాకా ఇస్తుంది. ఆ సాయం లేకపోతే చాలామంది గడప దాటలేరు. అయితే డబ్బు ఫీజు కట్టగలదు; దిగిన రోజు గది, పార్ట్‌టైమ్ పని, మొదటి రెఫరల్ ఇచ్చే బాబాయిని ఇవ్వలేదు. హెచ్-1బి ఉద్యోగుల కుటుంబాలకిచ్చే హెచ్-4 వీసా మీద వెళ్ళిన భార్యలకు 2015 దాకా పని అనుమతే లేదు; ఆ ఏడాది కూడా వారిలో కొందరికే వచ్చింది. సొంత డిగ్రీ, అనుభవం ఉన్నా ఏళ్ళ తరబడి ఇంట్లో ఉండటంతో వాళ్ళ పరిచయాలన్నీ భర్త పరిచయాలయ్యాయి; అనుమతి వచ్చాక ఉద్యోగ వేట మొదటినుంచి మొదలైంది.

తెరమీది పరిచయాలు

లింక్డిన్‌లో ఐదేళ్ళపాటు 2 కోట్ల మంది మీద జరిగిన ప్రయోగాల ఫలితాలు 2022లో సైన్స్ పత్రికలో వచ్చాయి. ఉద్యోగం మారడానికి మరీ దగ్గరివాళ్ళు, మరీ దూరంవాళ్ళు కాక, కొద్దిగా తెలిసినవాళ్ళు బాగా ఉపయోగపడ్డారు. సాఫ్ట్‌వేర్‌లాంటి డిజిటల్ రంగాల్లో ఎడపరిచయాల బలం ఎక్కువ. ఇతర రంగాల్లో దగ్గరి బంధాలదే పైచేయి. అదే అడ్డా మీది కూలికీ హైటెక్ సిటీ ఉద్యోగికీ మధ్య తేడా.

దగ్గరి బంధాల మీదే ఆధారపడే గల్ఫ్ కూలీలకు చట్టపు ఆసరా కూడా ఉంది. 1983 వలస చట్టం కింద నమోదైన ఏజెంట్లు మాత్రమే విదేశాలకు కూలీలను పంపాలి, తీసుకునే రుసుముకు పరిమితి ఉంది. తెలంగాణలో టామ్‌కామ్ వంటి ప్రభుత్వ సంస్థ కూడా ఉద్యోగాలు చూపిస్తుంది. కానీ జగిత్యాల పల్లెలో కుర్రవాడికి ఆఫీసు కబురు కంటే పక్కింటి కబురు ముందు చేరుతుంది, అదే ఎక్కువ నమ్మకం కలిగిస్తుంది. గల్ఫ్ నుంచి తిరిగొచ్చి ఊళ్ళో ఉంటున్నవారికి ఏ కంపెనీ జీతం ఇవ్వదో, ఏ ఏజెంటు మోసం చేశాడో తెలుసు. ఎవరినీ పంపడం వల్ల వాళ్ళకు కమిషన్ రాదు. నమోదైన ఏజెంట్ల జాబితా, రుసుము పరిమితి వంటి సమాచారాన్ని ప్రభుత్వం వాళ్ళ ద్వారా ఊళ్ళకు చేరవేయడం ఖర్చు తక్కువ పని. సీతాఫల్‌మండి గదుల్లోని సీనియర్లకూ విదేశీ విద్యాలయాల గుర్తింపు వివరాలు అలాగే అందించవచ్చు.